కొంగకు వేసిన ఓటు

నాకు ఫుట్‌బాల్ తెలియదు. పోటీల కమిటీ కార్యదర్శి మా లాండ్రీకి వచ్చి అడిగిన రోజునే ఆ మాట చెప్పేశాను.

“తెలియకపోతేనే మేలు పిన్నిగారూ,” అన్నాడాయన, ఉతకడానికి తెచ్చిన కోటు జేబులు వెతుక్కుంటూ. “ఇన్నాళ్ళూ తెలిసినవాళ్ళనే పెట్టాం. ఏటా జుట్లు పట్టుకోవడమే మిగిలింది.”

మా ఊళ్ళో వానలు వెనకపట్టినప్పటి నుంచి చలి ముదిరేదాకా ఆడవాళ్ళ ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయి. ఆసుపత్రి నర్సులదొక జట్టు, బడి టీచర్లదొకటి, పెంకుల ఫ్యాక్టరీది ఒకటి, పోస్టాఫీసుది ఒకటి, మా వీధిది ఒకటి. మా వీధి జట్టు బట్టలు డబ్బు తీసుకోకుండా మేమే ఉతికిపెడతాం కాబట్టి అందరూ దాన్ని లాండ్రీ జట్టనే అంటారు. గెలిచిన జట్టుకు కప్పు ఇస్తారు. కప్పు దగ్గర ఎన్నడూ పేచీ లేదు. ఎవరు గెలిచారో మైదానంలోనే తేలిపోతుంది. పేచీ అంతా షీల్డు దగ్గర. ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి అని ఒకరి పేరు చదివి చేతిలో షీల్డు పెడతారు. ఆ పేరు చదివిన సాయంత్రం కనీసం నాలుగిళ్ళలో ఎవరూ సరిగ్గా భోజనం చెయ్యరు.

“ముగ్గురు జడ్జీలు. రిటైరైన రిఫరీగారు, ఫోటో స్టూడియో ఆయన, మీరు. అన్ని జట్ల జెర్సీలూ మీ దగ్గరికే వస్తాయి. మీకు ఎవరి మీదా కడుపుమంట లేదు.”

“మా పెద్ద కోడలు ఆడుతోంది కదయ్యా. రేపు నలుగురూ నాలుగు మాటలు అనరూ?”

“ఈ ఊళ్ళో ఎవరికీ ఏమీ కాని మనిషి కావాలంటే పక్క ఊరి నుంచి తెచ్చుకోవాలి. వాళ్ళు చినుకు పడితే రారు.”

నేను ఒప్పుకున్నాను. అప్పటికి మా చిన్న కోడలు ఇంకా జట్టులో లేదు. ఉండి ఉంటే ఓటు సంగతి సరే, ఆ కోటు కూడా ఉతకనని చెప్పి పంపించేదాన్ని.

మాది ముందు కౌంటరు, మధ్యలో మెషీన్లూ ఇస్త్రీ బల్లలూ, వెనక బట్టలారేసే పెరడు, పైన మేం ఉండే గదులు. మా ఆయన బాయిలరు చూసుకుంటారు. పెద్దవాడు మెషీన్లు, చిన్నవాడు వ్యాను. పెద్ద కోడలు ఇస్త్రీ బల్ల దగ్గర, చిన్న కోడలు కౌంటర్లో. పెద్దదాని చెయ్యి తగిలితే చొక్కా అద్దంలా ఉంటుందని ఊరంతా మెచ్చుకునేది. ఆ మెప్పు కూడా చిన్నదే విని లోపలికి మోసేది. చిన్నదాని వాటాకి వచ్చేవి ఊడిన బొత్తాలూ పోని మరకలూ. పెద్దది నవ్విందంటే వీధి చివరికి వినిపిస్తుంది. చిన్నది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పది మాటలు ఆడితే గొప్ప. కానీ ఆ పదిలో ఒకటి మాత్రం సూదిలా దిగుతుంది.

మొదటి ఆటకి ముందు మా జట్టులో వెనక ఆడే అమ్మాయికి కాలు బెణికింది. పెద్ద కోడలు కౌంటరు దగ్గర నిలబడి, “ఇప్పుడెవర్ని తేవాలి, ఈ వీధిలో పరిగెత్తగలిగినవాళ్ళు ఎవరున్నారు,” అని తల పట్టుకుంటోంది. చిన్న కోడలు బట్టలకి చీటీలు గుచ్చుతూ తలెత్తకుండానే, “బళ్ళో ఆడాను నేను,” అంది.

“ఏ స్థానంలో?”

“ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడ.”

పెద్దది దాన్ని కావలించుకున్నంత పని చేసింది. ఆ పూట ఇద్దరూ కలిసి పాత బూట్లకి నూనె రాస్తుంటే చూసి నేను మురిసిపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, మా ఇంట రెండూ ఒకేసారి జరిగేలా ఉన్నాయనుకున్నాను.

మొదట్లో నాకు ఆటంటే బంతి వెనక గుంపు, గుంపు వెనక ఈల. అయినా జడ్జీనయ్యాను కదా అని శ్రద్ధగా చూసేదాన్ని. నాకు తెలిసిన విద్య ఒక్కటే, ఉతుకు. ఆట అయ్యాక సంచుల్లో జెర్సీలు వస్తే ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పరిచేదాన్ని. ఎవరి జెర్సీకి బురద ఎక్కువుంటే వాళ్ళు అంత బాగా ఆడినట్టని నా లెక్క. ఆ లెక్కన చిన్న కోడలు మరీ అన్యాయం. దాని జెర్సీ వేసుకున్నది వేసుకున్నట్టే ఉండేది.

ఒకరోజు ఆ జెర్సీ పట్టుకెళ్ళి దాని ముందు పెట్టాను. “ఏమ్మా, దీన్ని ఉతకాలా, మడతపెట్టి ఇచ్చెయ్యాలా? కాస్త ఒళ్ళొంచి ఆడితే నలుగురూ మెచ్చుకుంటారు కదా.”

అది నవ్వింది. “కిందపడితే లేచేలోపు అవతలివాళ్ళు దాటిపోతారు అత్తయ్యా. బంతి ఎటు వస్తుందో ముందే తెలిస్తే నడిచి వెళ్ళి అక్కడ నిలబడొచ్చు. పడ్డానంటే ఆలస్యంగా తెలిసిందనే.”

నా విద్య ఆ రోజుతో సరి. తర్వాతి ఆట నుంచి బంతిని వదిలేసి దాన్నే చూడటం మొదలుపెట్టాను. చిత్రంగా ఉండేది. అందరూ ఉరుకులు పరుగుల మీద ఉంటే ఇది పక్కింటికి తోడు అడగడానికి వెళుతున్నట్టు నింపాదిగా నాలుగడుగులు వేసేది. అది వెళ్ళి నిలబడ్డ చోటికి బంతి పిలిచినట్టు వచ్చేది. అక్కడి నుంచి ఒక్క తన్ను. బంతి వెళ్ళి సరిగ్గా పెద్ద కోడలి కాలి ముందు వాలేది. పెద్దది దాన్ని తీసుకుని ఇద్దరు ముగ్గుర్ని తోసుకుంటూ పోయి గోల్ కొట్టేది. మైదానం మైదానమంతా లేచి పెద్దదాని పేరు అరిచేది. తప్పు లేదు. చూడ్డానికి అంత బాగుండేది. నేనూ అరిచేదాన్ని.

చిక్కు పేపరుతో వచ్చింది. ఫ్యాక్టరీ జట్టు మీద గెలిచిన మర్నాడు పేపర్లో పెద్ద కోడలి ఫోటో వేసి, పైన ‘ఒంటిచేత్తో గెలిపించింది’ అని రాశారు. పెద్దది దాన్ని కత్తిరించి ఇస్త్రీ బల్ల పైన గోడకి అంటించింది. వచ్చినవాళ్ళందర్నీ లోపలికి పిలిచి మరీ చూపించింది. మధ్యాహ్నం చిన్న కోడలు చొక్కాల దొంతర తీసుకెళ్ళడానికి లోపలికొచ్చి, గోడ వంక చూసి, మెల్లగా అంది.

“ఒంటిచేత్తో గెలిపించిందట. చెయ్యి తగిలితే ఫౌలు కదూ?”

సరిగ్గా అప్పుడే మెషీన్లు ఆగాయి. మాట అందరికీ వినిపించింది. మా ఆయన పక్కున నవ్వారు. ఆయన నవ్వకపోతే అది అక్కడితో పోయేదేమో.

పెద్ద కోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. “నవ్వండి మామయ్యా. చెమటోడ్చి గోల్స్ కొట్టేవాళ్ళంటే నవ్వులాటే. వెనకాల వాహ్యాళికి వచ్చినట్టు తిరిగేవాళ్ళు మాత్రం మాటలు నేర్చారు.”

“ఆ వాహ్యాళి నుంచే బంతి వచ్చేది అక్కా. రాకపోతే నువ్వూ వాహ్యాళి చేసేదానివి.”

అంతే. ఆ పూట నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే గదిలో పని, ఒకే బల్ల దగ్గర భోజనం, ఒకే జట్టులో ఆట. మధ్యలో తపాలా బంట్రోతును నేను. “అత్తయ్యా, డాక్టరుగారి కోటు సాయంత్రానికి కావాలట, చెప్పండి.” “అత్తయ్యా, ఆ కోటు ఇందాకే పైన పెట్టాను, కళ్ళుంటే కనిపిస్తుందని చెప్పండి.” ఇద్దరూ ఒకరికొకరు మూరెడు దూరంలో ఉండి, వంటింట్లో ఉన్న నన్ను కేకేసి మరీ చెప్పమనేవాళ్ళు. నేను ‘కళ్ళుంటే’ లాంటివి మధ్యలో తీసేసి మిగతాది చేరవేసేదాన్ని. ఈ వ్యవహారం చూసి చిన్నవాడు బజారు వెనక రెండు గదుల ఇల్లొకటి ఖాళీగా ఉందని చూసొచ్చాడు. “కొన్నాళ్ళు వేరే ఉంటే అందరికీ మంచిదేమో,” అన్నాడు వ్యాను తుడుస్తూ, నా మొహం వంక చూడకుండా. ఆ రోజు నేను ఆరేసిన బట్టలే మళ్ళీ ఆరేశాను.

వింత ఏమిటంటే ఆటలో ఏ లోటూ లేదు. చిన్నది చూడకుండానే పెద్దదానికి బంతి అందించేది. పెద్దది అడగకుండానే అందుకునేది. మాట లేదు, బంతి ఉంది. గెలుపు మీద గెలుపు వచ్చిపడుతోంది. ఊళ్ళో షీల్డు కబుర్లు మొదలయ్యాయి. గోల్స్ కొట్టింది పెద్దావిడ కాబట్టి ఆవిడకే అని కొందరు, అసలు కీలకం చిన్నావిడ అని కొందరు. సబ్బుల కొట్టు దగ్గర నన్ను ఆపి, “మీ ఓటు ఏ కోడలికి?” అని అడిగేవాళ్ళు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నాకు మాత్రం ఏది కప్పో ఏది పామో కూడా తెలియని స్థితి.

అలాంటి రోజుల్లో పోస్టాఫీసు జట్టుతో ఆట వచ్చింది. పోస్టాఫీసు జట్టంటే అందరికీ లోకువ. ఆ ఏడు ఒక్క ఆటా గెలవలేదు. ‘వాళ్ళు దేన్నీ ఆపరు, వచ్చింది వచ్చినట్టు లోపలికి పంపేస్తారు’ అని జోకు. నేను వెళ్ళేసరికి మా వైపు బెంచీలన్నీ నిండిపోయాయి. ఖాళీగా ఉన్నది పోస్టాఫీసువాళ్ళ గోల్ వెనక బెంచీ ఒక్కటే. దాని మీద గొడుగుతో పోస్టుమాస్టరుగారు ఒక్కరే కూర్చున్నారు. ఆయన పక్కన చతికిలబడ్డాను.

వాళ్ళ గోల్‌కీపరు పొడుగాటి మనిషి. ఉత్తరాలు ఊరి పేర్ల వారీగా విడదీసే పని ఆమెది. మెడ కూడా పొడుగే. బంతి అవతల ఉన్నప్పుడు ఒంటికాలి మీద నిలబడి రెండో పాదంతో పిక్క రాసుకుంటుంది. అందుకే అందరూ కొంగ అంటారు. ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా పలుకుతుంది.

మా వాళ్ళు ఊపు మీద ఉన్నారు. బంతి వానలా వచ్చిపడుతోంది. ఇంతవరకూ నేను ఆటని పక్క నుంచి చూశాను. ఎదురుగా వచ్చే బంతిని చూడ్డం అదే మొదలు. ఎంత వేగంగా వస్తుందో అప్పుడు తెలిసింది. రెండుసార్లు నేనే బెంచీ మీద వెనక్కి వాలాను. కొంగ మాత్రం దాని వైపే వెళ్ళేది. ఛాతీతో ఆపింది, మోకాలితో ఆపింది, ఒకసారి మొహంతో ఆపి ముక్కు తుడుచుకుని మళ్ళీ నిలబడింది. పెద్ద కోడలు ఎడమ మూలకి కొట్టిన ఒక బంతి గోల్ అనుకుని నేను సగం లేచాను కూడా. ఎటు నుంచి వచ్చిందో ఆ చెయ్యి వచ్చింది. బంతి బయటికి పోయింది.

అయినా ఐదు గోల్స్ పడ్డాయి. ఆమె ముందు ఆడేవాళ్ళు పాపం అంతంతమాత్రం. ఒక గోల్ వాళ్ళలో చిన్నపిల్లలాంటి ఒక అమ్మాయి కాలు జారడం వల్ల పడింది. ఆ అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. కొంగ వలలోంచి బంతి తీసి, నడుచుకుంటూ వెళ్ళి ఆమె చేతికే ఇచ్చింది.

“ఇది నాది, నేను ఆపాల్సింది. ఇందాకటిది నువ్వు ఆపావు చూడు, అది లెక్క. ఆవిడ మళ్ళీ వస్తుంది. ఈసారి బూట్లు కాదు, నడుం చూడు. నడుం ఎటు తిరిగితే అటే పోతుంది.”

ఆ పిల్ల మళ్ళీ మా పెద్ద కోడలు వచ్చినప్పుడు నడుమే చూసింది కాబోలు, బంతి లాగేసుకుంది. పోస్టుమాస్టరుగారు గొడుగు పైకెత్తి తిప్పారు. అప్పటికి వాళ్ళు ఐదు గోల్స్ తేడాతో ఓడిపోతున్నారు.

ఆ సాయంత్రం పెద్ద కోడలు వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. నేను తువ్వాలు ఇవ్వబోతే, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“ఆ కొంగ లేకపోతే ఇవాళ పదిహేను కొట్టేదాన్ని అత్తయ్యా. ఎక్కడ కొడదామన్నా అక్కడే ఉంటుంది. ఈ ఏడు నాకు భయం వేసింది ఆమె ఒక్కదాన్ని చూస్తేనే. ఈ మాట అటు వెళ్ళి చెప్పకండి.”

అటు వెళితే చిన్న కోడలు దుప్పట్లు మడతపెడుతోంది. రెండో కొస నేను పట్టుకున్నాను.

“ఆమె మా వెనకాల ఉంటే నేను సగం తిరుగుడు మానేద్దును అత్తయ్యా. ఆ జట్టు పెట్టుకుని ఇంకెవరైనా అయితే మధ్యలోనే చేతులెత్తేసేవాళ్ళు. అంత మంచి ఆట నేనెక్కడా చూడలేదు. మీలోనే ఉంచుకోండి. మళ్ళీ, గెలిచిన జట్టులో ఉండి ఓడినవాళ్ళని పొగుడుతోందంటారు కొందరు.”

ఆ ‘కొందరు’ ఎవరో నాకు తెలుసు. రెండు మాటలూ నాలోనే ఉంచుకున్నాను.

ఫైనల్ నర్సుల జట్టుతో. పొద్దున ఆట, మధ్యాహ్నం జడ్జీలు కూర్చోవడం, సాయంత్రం బహుమతులు. పెద్ద కోడలు రెండు గోల్స్ కొట్టింది. చివర్లో నర్సులది ఒక బంతి గోల్‌కీపరును దాటి దొర్లుకుంటూ పోతుంటే, చిన్న కోడలు ఎప్పుడు వచ్చిందో గోల్ గీత మీద నిలబడి ఉంది. పాదం అడ్డం పెట్టి ఆపి, పక్కకి పంపింది. కప్పు మాదే. జట్టంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే నా కోడళ్ళు ఆ గుంపుకు చెరో చివర ఉన్నారు.

మేం ముగ్గురం క్లబ్బు గదిలో కూర్చున్నాం. బల్ల మీద టీ, పక్కన ఎర్ర గుడ్డ కప్పిన షీల్డు. రిఫరీగారు పెద్దాయన, ఏ మాటైనా ఈల ఊదినట్టు సూటిగా అంటారు.

“నా ఓటు మీ పెద్ద కోడలికమ్మా. నిష్ఠూరమైనా నిజం చెప్పాలి. ఆటంటే గోల్. గోల్ కొట్టేవాళ్ళు లేకపోతే మిగతావాళ్ళు ఎంత బాగా ఆడినా సున్నాకి సున్నా. అన్నిటికంటే కష్టమైన పని చేసినవాళ్ళకే షీల్డు.”

స్టూడియో ఆయన తల అడ్డంగా ఊపాడు. “నేను ఈ ఏడు తీసిన ఫోటోలన్నీ మొన్న వరసగా పెట్టి చూశాను. గోల్ పడిన ప్రతి ఫోటోలోనూ పెద్దావిడ ఉంది, సరే. గోల్ పడకుండా పోయిన ప్రతి ఫోటోలోనూ ఏదో మూల చిన్నావిడ ఉంది. నేను ఆవిణ్ణి తియ్యాలనుకోలేదు. అయినా ఉంది. నా ఓటు ఆవిడకి.”

ఇద్దరూ నా వంక చూశారు. ఇద్దరూ చెప్పింది నిజమే. టీ చల్లారిపోయేదాకా గ్లాసు తిప్పుతూ కూర్చున్నాను.

“పోస్టాఫీసు కొంగకి,” అన్నాను.

రిఫరీగారు గ్లాసు దించారు. “అన్ని ఆటలూ ఓడిన జట్టు గోల్‌కీపరుకా? ఈ పోటీల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ ఇచ్చింది ఆమే కదమ్మా.”

“ఎక్కువ ఇచ్చింది, ఎందుకంటే ఎక్కువ వచ్చాయి. మా ఇంట్లో చూస్తుంటాను కదండీ, ఎక్కువ బట్టలు ఉతికే మెషీనుకే ఎక్కువ రిపేర్లు.”

“మరి షీల్డు చూసి పిల్లలు ఏం నేర్చుకుంటారు, ఓడిపోవడమా?”

ఉన్నదున్నట్టు చెప్పాను. “నాకు ఆట తెలియదండీ. ఆట తెలిసినవాళ్ళు మా ఇంట్లో ఇద్దరున్నారు. ఈ ఏడు ఎవర్ని చూస్తే భయం వేసిందని ఒకరు, ఎవరు తన వెనకాల ఉంటే బాగుండునని ఒకరు చెప్పారు. ఒకరికి తెలియకుండా ఒకరు చెప్పారు. ఇద్దరూ చెప్పిన పేరు అదే. నేను వాళ్ళ మాటే మీకు చేరవేస్తున్నాను.”

ముగ్గురికి మూడు పేర్లు. ఇలా అయితే ఏం చెయ్యాలో కమిటీ చెప్పలేదు. చివరికి రిఫరీగారే, మీ మొదటి పేరు కాకపోతే రెండో పేరెవరిది అని అడిగారు. స్టూడియో ఆయన కొంగ అన్నాడు. రిఫరీగారు మీసం దువ్వుకుని, “నాకూ ఆమే,” అన్నారు.

“ఇద్దరికి రెండో పేరు, ఒకరికి మొదటిది. ఉత్తమ క్రీడాకారిణి అంటే ఇదా?” అన్నాడు స్టూడియో ఆయన.

“ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఇలా కుదిరినవేనయ్యా. అన్నీ బాగానే ఉన్నాయి,” అన్నారు రిఫరీగారు, కాగితం మీద పేరు రాస్తూ.

సాయంత్రం మైకులో ఆ పేరు చదివితే కొంగ వేదిక దగ్గరికి రాలేదు. వేరుశెనగల పొట్లం పట్టుకుని గోల్ వైపు బయల్దేరింది. పోటీలు ముగిశాక వలలు విప్పడానికి ఏటా ఆమే సాయం పడుతుందట, అందుకే పిలుస్తున్నారనుకుంది. ఎవరో చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పారు. తర్వాత పోస్టుమాస్టరుగారు ఈల వేశారు. ఆయనకి ఈల వేయడం వచ్చని ఊళ్ళో ఎవరికీ తెలియదు. అక్కడి నుంచి చప్పట్లు మొదలయ్యాయి. కొంగ షీల్డు అందుకుని, పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక కార్యదర్శి చేతిలో పెట్టింది.

నేను నా కోడళ్ళ వంక చూశాను. పెద్దది చప్పట్లు కొడుతోంది, మొహంలో నెత్తుటిచుక్క లేదు. చిన్నది చేతులు కట్టుకుని నేల చూస్తోంది. కాసేపటికి ఇద్దరూ తలెత్తి ఒకేసారి నా వైపు చూశారు. తర్వాత ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు వాళ్ళిద్దరూ ముందు, నేనూ మా ఆయనా వెనక. పెద్దది అంది, నాకు వినపడేలాగే. “చూశావా అత్తయ్య ఏం చేసిందో.”

“చూశాను అక్కా,” అంది చిన్నది. “నాకివ్వకపోతే పోనీ. నీకైనా ఇవ్వాల్సింది.”

“నాకెందుకు? నీకిస్తే నేను కాదంటానా?”

వాళ్ళిద్దరూ మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో. నేను నడక నెమ్మది చేశాను, ఆ కబుర్లకి అడ్డం పడకూడదని.

మర్నాటి నుంచి తపాలా రివాజు తిరగబడింది. “అక్కా, భోజనం చల్లారిపోతోందని అత్తయ్యకి చెప్పు.” “తింటే తినమను, లేకపోతే పోస్టాఫీసుకి పంపించమను.” ఇద్దరూ ఒకే వైపు కూర్చుని నా మీద చెణుకులు విసిరి, తలలు దగ్గర పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. పెద్దవాడు మెషీను చాటు నుంచి, “పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. మన ఇంట్లో కొంగ తీర్చింది,” అన్నాడు. చిన్నవాడు రెండు గదుల ఇంటి మాట మళ్ళీ ఎత్తితే చిన్న కోడలు, “ఇప్పుడు వెళితే అత్తయ్య గెలిచినట్టవుతుంది,” అని వాడి నోరు మూయించింది. మా ఆయనైతే నన్ను మహా మంత్రిని చూసినట్టు చూశారు.

“ఎంత ఎత్తు వేశావే. ఇద్దర్నీ కలపడానికేగా?”

“ఎత్తూ లేదు, గిత్తా లేదు. ఆమె బాగా ఆడింది.”

ఆయన నమ్మలేదు. ఊరూ నమ్మలేదు. గోడ మీద పిల్లిలా కూర్చుని ఎటూ దూకకుండా తప్పించుకుందన్నారు కొందరు. తెలివైన అత్తగారన్నారు మరికొందరు. రెండోది మెప్పే అయినా మొదటిదానికంటే ఎక్కువ గుచ్చుకునేది. కోడళ్ళ మౌనం కూడా పైకి నవ్వొచ్చినా లోపల కాస్త బాధగానే ఉండేది. ఇద్దరూ నవ్వుకుంటున్న గదిలోకి వెళ్ళి మూడోదానిగా నిలబడటం అలవాటు లేని పని.

ఒక మధ్యాహ్నం కొంగ పోస్టాఫీసు జట్టు జెర్సీలు తీసుకెళ్ళడానికి వచ్చింది. సంచి అందుకుంది కానీ కదల్లేదు. నేను కౌంటరు పక్కన బొత్తాలు కుడుతున్నాను.

“పిన్నిగారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో గొడవ రాకుండా ఉండాలని నా పేరు చెప్పారని ఊళ్ళో అంటున్నారు. నిజమైతే చెప్పండి, షీల్డు తిరిగిచ్చేస్తాను. మా అమ్మ దాన్ని కిటికీలో పెట్టింది. దారినపోయేవాళ్ళు చూసి నవ్వుతున్నారేమోనని నేను ఆ కిటికీ తెరవడం మానేశాను.”

సూది చేతిలోనే ఆగిపోయింది. అవునంటే అబద్ధం. కాదంటే అదీ పూర్తి నిజం కాదు. ఓటు చెప్పిన తర్వాత, ఇద్దరిలో ఎవరి మనసూ విడిగా విరవక్కర్లేదు కదా అని నాకు ఊరట కలిగిన మాట వాస్తవం. కానీ చెప్పేటప్పుడు నా కళ్ళ ముందున్నది ఆమె, ఆ చిన్నపిల్ల చేతికి బంతి ఇస్తున్న ఆమె. ఇదంతా ఏ వరసలో చెబితే నమ్ముతుందో తెలియక నోరు తెరిచి మూశాను.

కౌంటర్లోంచి చిన్న కోడలు లోపలికి కేకేసింది. “అక్కా, ఒకసారి ఇలా రా. ఈవిడ షీల్డు తిరిగిచ్చేస్తుందట.”

పెద్ద కోడలు నుదుటి చెమట తుడుచుకుంటూ వచ్చింది. “ఇచ్చెయ్యి. ఎవరికిస్తావు, నాకా? నాకొద్దు. దీనికిస్తావా?”

“నాకూ వద్దు,” అంది చిన్నది.

“చూశావా, పుచ్చుకునేవాళ్ళు లేరు. మా అత్తయ్యకి ఆట తెలీదు, ఆ మాట మేమూ ఒప్పుకుంటాం. నీ పేరు ఆవిడకి చెప్పింది మేమే.” పెద్దది ఒక్క క్షణం ఆగి చిన్నదాని వైపు తిరిగింది. “నేను చెప్పాను. నువ్వూ చెప్పావా?”

“దుప్పట్లు మడతపెట్టేటప్పుడు,” అంది చిన్నది.

పెద్దది కాసేపు దాన్నే చూసింది. తర్వాత గట్టిగా నవ్వింది, వీధి చివరికి వినిపించేలా. కొంగ కూడా నవ్వింది, ఎందుకో పూర్తిగా అర్థం కాకపోయినా.

“షీల్డు సంగతి వదిలెయ్,” అంది పెద్దది. “నాకు ఒకటి చెప్పు. ఆ రోజు ఎడమ మూలకి కొట్టిన బంతి. నువ్వు కుడివైపు ఒరిగావు, నేను కళ్ళారా చూశాను. మరి చెయ్యి ఎటు నుంచి వచ్చింది?”

“ఒరగలేదు. ఒరిగినట్టు కనిపించాను. మీరు చూస్తారని తెలుసు.”

“నాకప్పుడే అనుమానం వచ్చింది,” అంది చిన్నది.

“అనుమానాలు తర్వాత. నువ్వు పెరట్లోకి పద,” అంటూ పెద్దది కొంగ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. చిన్నది కౌంటరు మీద గంట పెట్టేసి, మెట్ల కింది నుంచి బంతి తీసుకుని వెనకాల పరిగెత్తింది. నేను ఆగలేక గుమ్మం దాకా వెళ్ళాను.

పెరట్లో ఆసుపత్రి దుప్పట్లు ఆరుతున్నాయి. పెద్దది వాటిని అటూ ఇటూ జరిపి చోటు చేసింది. కొంగ తాడు కట్టిన గుంజ పక్కన నిలబడి, చేతులు చాపి కొలుచుకుంది. గోల్‌కి ఒక పక్క గుంజ ఉంది, రెండో పక్క ఏమీ లేదు. పెద్దది చుట్టూ చూసింది. బకెట్టు పెట్టి చూసింది, పొట్టిదైపోయింది. అప్పుడు గుమ్మంలో ఉన్న నన్ను చూసింది.

“అత్తయ్యా, ఇలా వచ్చి నిలబడండి. ఒక స్తంభం తక్కువైంది.”

బహుమతుల రోజు తర్వాత నాతో సూటిగా అన్న మొదటి మాట అది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి, చూపించిన చోట చేతులు దగ్గర పెట్టుకుని నిటారుగా నిలబడ్డాను. పెద్ద కోడలు నాలుగడుగులు వెనక్కి వేసి కొట్టింది. కొంగ నా వైపు ఒరిగింది. ఒరిగిందనే అనుకున్నాను. బంతి గుంజ వైపు పోయింది, చెయ్యి కూడా అటే పోయింది.

“మళ్ళీ,” అంది పెద్దది.

మళ్ళీ ఆగింది. ఈసారి నేను కొడతానని చిన్నది బంతి లాక్కుంది. అది గురి చూసి కొడితే బంతి నా చెవి పక్క నుంచి రివ్వున పోయి తడి దుప్పటికి తగిలి, బురద ముద్ర వేసి కిందపడింది. ముగ్గురూ చూసుకుని పగలబడి నవ్వారు. ఆ చప్పుడుకి మా ఆయన బాయిలరు దగ్గర్నుంచి వచ్చి, ఆ దుప్పట్లు సాయంత్రానికి పంపాలి కదా, ఏమిటిదంతా అని నన్ను అడిగారు.

నేను జవాబు చెప్పబోయాను.

“గోల్‌పోస్టులు మాట్లాడవు అత్తయ్యా,” అంది చిన్న కోడలు.

నేను నోరు మూసుకుని ఇంకాస్త నిటారుగా నిలబడ్డాను.